తుంటికి రసమట్టం పెట్టిన మేస్త్రి

పోయిన నెల పుంగనూరులో ఒక పాత ఇంటిని పడగొడుతుంటే నలుగురు చేరి చూస్తున్నారు. వాళ్లలో నేనొకణ్ణి. వంటింటి గోడ కూలి దుమ్ము అణిగేసరికి లోపల ఒక పొయ్యి కనిపించింది. అది నేలమీద లేదు. నడుమెత్తు రాతిదిమ్మె మీద కట్టి ఉంది. పక్కనే అదే ఎత్తులో రుబ్బురోలు కూడా బిగించి ఉంది.

"ఇదేమప్పా, ఈ ఇంట్లో రాక్షసులు కాపరముండిరా?" అని పక్కన నిలబడినాయన అడిగాడు.

అడగకూడని మనిషిని అడిగాడు. ఆ ఇంటికి చౌడేపల్లె నుంచి ఎనిమిదడుగుల కోడలు వచ్చిందనీ, ఆమె వీధిలో నడుస్తుంటే మిద్దెల మీద ఎండబెట్టిన మిరపకాయలు కొంగుకు తగిలి రాలేవనీ, పెళ్లిలో తలంబ్రాలు పోయడానికి పెళ్లికొడుకు నిచ్చెన ఎక్కాడనీ చెప్పాను. ఇద్దరు నమ్మారు. ఒకాయన ఆ నిచ్చెన ఇప్పుడెక్కడుందని కూడా అడిగాడు.

ఇంటికి వచ్చాక మాత్రం మనసు కుదురుకోలేదు. ఆ కోడలు అందరి ఎత్తే. ఎడమ తుంటి బిగుసుకుపోయి నేలమీద కూర్చోలేని మనిషి. ఆమె నిలబడి వండుకోవడానికి ఆ పొయ్యి కట్టినవాడు మదనపల్లె మిషను ఆసుపత్రిలో పిండికట్లు కట్టే మేస్త్రి. ఆయన పోయి ఏడాది దాటిందని నాకీమధ్యే తెలిసింది. ఆయన మీద అబద్ధం ఆడే హక్కు నాకు లేదు. కాబట్టి ఇక్కడినుంచి రాసేదంతా నిజం. నా నిజం ఎంత నిజమో పాఠకులకు తెలుసు కాబట్టి ఎక్కువ ఒట్లు పెట్టను.

పేరు రాయను. కట్టిన గోడ మీద పేరు చెక్కించుకునే మేస్త్రులంటే ఆయనకు పడేది కాదు.

మొదట ఆయన తాపీ మేస్త్రి. ఆసుపత్రికి కొత్త వార్డు కట్టినప్పుడు గోడలకు సున్నం పూయడానికి వచ్చాడు. ఆ పూత అద్దంలా ఉండడం డాక్టరమ్మ చూసింది. ఆమె సముద్రాలు దాటి వచ్చిన దొరసాని. తెలుగు బైబిలు చదివి తెలుగు నేర్చుకుంది. "ఓ మేస్త్రీ, నీవు గోడలకు చేయుచున్న దానిని మనుష్యులకు చేయగలవా?" అని అడిగిందట. ఈయన కాసేపు ఆలోచించి, "మనిషి కదలకుండా ఉంటాడామ్మా?" అన్నాడట. అంతే ఇంటర్వ్యూ. ఆ రోజునుంచి గుడ్డపట్టీలకు పొడి రుద్ది, నీళ్లలో ముంచి, విరిగిన చేతులకు కాళ్లకు చుట్టే పని ఆయనది.

పని మారినా ఆయన మారలేదు. పెన్సిలు చెవి మీదే ఉండేది. కట్టు ఆరిన తరువాత వేలి కణుపుతో టకటక కొట్టి చెవి పెట్టి వినేవాడు, గోడలో డొల్ల ఉందేమో చూసినట్టు. మనిషిని పడుకోబెట్టి రెండు తుంటెముకల మీదా బద్ద అడ్డం పెట్టి, దాని మీద రసమట్టం పెట్టేవాడు. నీటిబుడగ మధ్యకు వచ్చిందాకా కింద దిండ్లు సర్దేవాడు. రోగి మూలిగితే, "గోడ ఎప్పుడన్నా మూలిగిందా? ఉండప్పా రెండు నిమిషాలు" అనేవాడు. నడుము మొదలు కాలివేళ్ల దాకా కట్టు కట్టేటప్పుడు కిందికి ఒక సందు వదలాలి కదా. దాన్ని ఆయన "వాకిలి" అనేవాడు. "వాకిలి పెద్దగా పెడతాండా. ఇంట్లో ఉండేటోడికి అదే ముఖ్యం" అని పెద్ద గొంతుతో చెప్పేసరికి వార్డంతా నవ్వేది, లోపల ఉన్నవాడు తప్ప.

ఇంకొక సంగతి. ఆయన కూర్చోడు. కుడి తుంటి చిన్నప్పుడే బిగుసుకుపోయింది. కాలు నిటారుగా కర్రలా ఉండేది. పడుకోవడం, నిలబడడం, ఈ రెండే ఆయనకు తెలుసు. మిషను గుళ్లో అందరూ చాపల మీద కూర్చుంటే ఈయన వెనక గోడకు ఆనుకుని ఆరాధన అయ్యేదాకా నిలబడేవాడు. కొత్తగా వచ్చిన పాస్టరుగారు ఇంత భక్తి ఇంకెవరికీ లేదని రెండు ఆదివారాలు ఆయన్ని చూపించి మిగతావాళ్లను మందలించాడు. మూడో ఆదివారం ఎవరో చెవిలో చెప్పారు. క్రిస్మసు విందులో అందరికీ వరసగా నేలమీద విస్తళ్లు వేస్తే, ఈయన విస్తరి ప్రహరీగోడ మీద. "పైనుంటే సాంబారు ఎవరికి పోస్తాండారో బాగా కనపడతాది" అనేవాడు. తరువాత నేను పడుకున్న వార్డు గుమ్మం పక్కన గోడకు ఆయన తల ఆనే చోట, ఆయన జుట్టు ఆముదం తగిలి తలకాయంత నల్లటి మచ్చ ఉండేది. ఏటా సున్నం కొట్టించినా రెండు నెలల్లో మళ్లీ వచ్చేది. ఆ సున్నం కొట్టేదీ ఆయనే.

కట్టు కట్టే ముందు ప్రతి మనిషినీ ఒక ప్రశ్న అడిగేవాడు. "నీది కూసునే పనా, నిలబడే పనా?" ఆడమనిషైతే, "అమ్మా, మీ ఇంట్లో పొయ్యి యాడుండాది? నీళ్లు ఎంత దూరం?" అని అడిగేవాడు. ఈ మేస్త్రికి ఊళ్లోవాళ్ల ఇండ్ల సంగతులెందుకని విసుక్కున్నవాళ్లున్నారు. ఇందాక చెప్పిన చౌడేపల్లె కోడలు తుంటి బిగుసుకున్నాక, పొయ్యి ముందు కూర్చోలేకపోతున్నానని ఏడిస్తే, ఆమె మొగుడితో ఈయన అన్న మాట నాకు తెలుసు. "మనిషిని వంచలేకపోతే ఇంటిని పైకి లేపాలప్పా." అని ఊరుకోలేదు. తరువాతి ఆదివారం గుడి అయ్యాక తాపీ చంకలో పెట్టుకుని పుంగనూరు వెళ్లి ఆ పొయ్యి కట్టి వచ్చాడు.

ఇక నా కథ.

యుద్ధం రోజులు. నాకు ఇరవైమూడేళ్లు. పుంగనూరు రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో చాప మీద కూర్చుని, ముందు వాలుపెట్టె పెట్టుకుని దస్తావేజులు రాసేవాణ్ణి. తూర్పు హద్దు ఫలానా, పడమర హద్దు ఫలానా. ఉన్నది ఉన్నట్టు రాయాల్సిన పని. రోజంతా చేయి నిజం రాసి రాసి, సాయంత్రానికి నోరు తట్టుకోలేకపోయేది. అలా పట్టింది నాకు కథలల్లే జబ్బు. అది తరువాత వచ్చిన తుంటిజబ్బు కంటే పాతది.

మొదట మోకాలు నొప్పి వచ్చింది. కుంటడం మొదలైంది. మా అమ్మ ఆకుల పట్టు వేసింది. తగ్గలేదు. తెలిసినాయన వచ్చి కాల్చిన కడ్డీతో మోకాలికి మూడు వాతలు పెట్టాడు. వాతల మంట ముందు అసలు నొప్పి పది రోజులు చిన్నబోయింది. తరువాత రెండూ కలిసి వచ్చాయి. అప్పుడు మా అమ్మ నన్ను మదనపల్లె బస్సు ఎక్కించింది. పెట్రోలు లేక బొగ్గుపొగతో నడిచే బస్సు అది. మిట్ట వచ్చినప్పుడల్లా జనం దిగి తోసేవాళ్లు. కుంటివాణ్ణని నన్ను మాత్రం దించలేదు. ఆ జబ్బు వల్ల నాకు కలిగిన లాభం అదొక్కటే.

ఆసుపత్రి వరండాలో నాలుగడుగులు వేశానో లేదో, గోడకు ఆనుకుని ఉన్న ఒక పొడుగాటి మనిషి పిలిచాడు.

"ఏమప్పా, వాతలు యాల పెట్టించుకుంటివి?"

"మోకాలు నొప్పి."

"నొప్పి మోకాల్లో ఉండాది. జబ్బు తుంట్లో ఉండాది. మిద్దె యాడో కారతాది, తడి ఇంగోచోట కనపడతాది. తడి కనపడిన కాడల్లా సున్నం పూస్తే నిలుస్తాదా?" అని, నా చేతిలో కట్టె లాక్కుని రెండో చేతికి ఇచ్చాడు. "నొప్పి కాలి పక్క కాదు, మంచికాలి పక్క పట్టుకో. ఇప్పుడు నడువు."

నడిచాను. సగం బరువు ఎవరో దించినట్టనిపించింది. వాతలు పెట్టించుకోవడానికి ముందు ఈయన కనబడి ఉంటే మూడు మచ్చలు తప్పేవి.

"తుంటంటే ఏమనుకుంటివి? రోల్లో గుండు" అన్నాడాయన, పిడికిలిని ఇంకో చేతి గుంటలో తిప్పి చూపిస్తూ. "తొడెముక పైకొస గుండు. నడుమెముకలో గుంట రోలు. రెండూ నున్నగా ఉంటే మనిషి యాడికైనా పోతాడు. రోలు చెడినా, గుండు చెడినా, ఇంగ రుబ్బే పని లే."

నా రోలు చెడింది. క్షయ ఊపిరితిత్తుల్లోనే కాదు, కీళ్లలో కూడా చేరుతుందని డాక్టరమ్మ చెప్పినప్పుడు నేను మొదటిసారి విన్నాను. ఆ రోజుల్లో దానికి సూదిమందు లేదు. ఎండలో పడుకోవడం, చేపనూనె తాగడం, కదలకుండా ఉండడం, ఇంతే వైద్యం. ఆ మూడిట్లోనూ చేపనూనే కష్టం.

చేర్చుకునేటప్పుడు డాక్టరమ్మ కాగితం పెట్టుకుని అడిగింది. పేరు అడిగితే నిజం చెప్పాను. ఊరు అడిగితే నిజం చెప్పాను. "నీవు ఏ వృత్తి చేయుచున్నావు?" అంది. చుట్టూ కొయ్యకాళ్ల మీద, కర్రల మీద ఉన్న జనం నన్నే చూస్తున్నారు. వరండాలో చాప మీద కూర్చునే గుమాస్తా కుంటివాడయ్యాడంటే ఎవరికేం పట్టింది? నోరు దానంతట అదే తెరుచుకుంది. కుప్పం అడవుల్లో ఫారెస్టు గార్డునన్నాను. రోజుకు పదిహేను మైళ్లు కొండలెక్కి దిగుతానన్నాను. గంధపుచెట్లు కొట్టే దొంగల వెంటబడితే మధ్యలో చిరుతపులి అడ్డం వచ్చిందనీ, అదీ నేనూ కలిసి ఒక బండ మీదనుంచి దొర్లామనీ, అది కూడా ఇప్పుడు కుంటుతోందనీ చెప్పాను.

ఆమె చిరుతపులిని రాసుకోలేదు. గార్డు ఉద్యోగం మాత్రం రాసుకుంది.

వార్డులో నా పక్క మంచం మీద నిజంగానే కుప్పం మనిషి ఉన్నాడు. ఎద్దులబండి తోలేవాడు. బండి బోర్లాపడి తొడెముక మెడ దగ్గర విరిగింది. ఇనుపమేకు దిగేసి అతికించే ఆపరేషను ఉందనీ, దానికి మద్రాసు పోవాలనీ డాక్టరమ్మ చెబితే, మద్రాసు పోతే ఎద్దులకు గడ్డి ఎవరేస్తారని అడిగాడట. అందుకని కాలికి పట్టీలు అంటించి, తాడు కట్టి, మంచం కొసన కప్పీ మీదుగా ఇటుకలు వేలాడదీశారు. విరిగిన కాలు పొట్టిపడకుండా ఆ బరువు లాగుతూ ఉంటుంది. ఇటుకలు ఏరి తెచ్చింది మేస్త్రే. "ఈ ఇటికెలు నేను కాల్పించినవే. నాణ్యమైనవి. నీ కాలికి వేరేవి కట్టను" అని కుప్పం ఆయనకు ధైర్యం చెప్పేవాడు.

నేను ఫారెస్టు గార్డునని వినగానే కుప్పం ఆయన ఇటుకలు ఊగేటట్టు లేవబోయాడు.

"ఆమా సామీ! ఏ రేంజి మీది?"

"అన్ని రేంజీలూ తిరుగుతాండాను. స్పెషల్ డ్యూటీ" అన్నాను.

ఆయన చేతులు జోడించాడు. విరిగిన బండిని బాగు చేయించి తమ్ముడు తోలుతుంటే, అడవిలో పుల్లలు ఎత్తాడని ఫారెస్టువాళ్లు బండిని పట్టుకుపోయారట. ఇంటిల్లిపాదికీ ఆ బండే ఆధారం. "గార్డు సామీ, మీరు ఒక మాట సెప్తే రేంజరు ఇడిసిపెడతాడు" అన్నాడు.

ఇక్కడైనా ఆగాల్సింది. "రేంజరు నా మాట దాటడు. నేను లేసినంక మొదటి పని అదే" అన్నాను.

మూడు వారాలు గొప్పగా గడిచాయి. సాయంత్రం కాగానే ముప్పై మంచాలవాళ్లు నావైపు తిరిగి పడుకునేవాళ్లు. చిరుతపులి రోజుకు ఒక మూర పెరిగింది. కుప్పం ఆయన తన పాలలో సగం నాకిచ్చేవాడు. మేస్త్రి గుమ్మం దగ్గర తన మచ్చకు తల ఆనించి అన్నీ వినేవాడు. నవ్వేవాడు కాదు, కాదనేవాడు కాదు. ఒక్కసారి మాత్రం, "ఆ పులికి ఏ కాలు కుంటప్పా?" అని అడిగాడు. ఎడమ అన్నాను. "నిన్న కుడి అంటివి" అని వెళ్లిపోయాడు.

నాలుగో వారం డాక్టరమ్మ కాగితాలు చూసి నిర్ణయం చెప్పింది. "కీలు కదులుచుండినంత కాలము వ్యాధి తగ్గదు. కట్టు వేసి కదలనీయక ఉంచిన యెడల ఎముకలు రెండును ఒకటిగా అతుకుకొనును. నొప్పి పోవును. నీవు కొండలెక్కు మనుష్యుడవు గనుక కాలును తిన్నగా ఉంచి కట్టెదము. రేపు ఉదయము."

నొప్పి పోవును అన్న మాట ఒక్కటే నాకు వినబడింది. సంతోషించాను.

ఆ మధ్యాహ్నం మేస్త్రి వేణ్ణీళ్లు, సబ్బు తెచ్చి, రేపటి కట్టు కోసం నా కాలు కడగడం మొదలుపెట్టాడు. ఎత్తు మంచం కాబట్టి నిలబడే కడుగుతున్నాడు. తొడ, మోకాలు, పిక్క కడిగి, చీలమండ దగ్గర ఆగాడు. బయటివైపు ఎముక మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. మళ్లీ రుద్దాడు. రెండో కాలు దుప్పటి తీసి దాని చీలమండ కూడా చూశాడు.

"ఈ కాయలేమప్పా?"

నాకు అర్థం కాలేదు. చీలమండల మీద రెండు నల్లటి కాయలు. పుట్టినప్పటినుంచీ ఉన్నట్టే అనిపించేవి.

"కొండలెక్కితే కాయ అరికాల్లో వస్తాది. నీ అరికాలు పెండ్లికూతురి అరికాలు మాదిరి ఉండాది. చీలమండ మింద కాయ కాసేది కాళ్లు మడిసి సక్కలంముక్కలం ఏసుకోని ఏండ్లకేండ్లు చాప మింద కూసునేటోడికి." గొంతు తగ్గించాడు. "మా నాయనకి ఇట్లాంటి కాయలే ఉండె. తోలు కుట్టేటోడు. ఏం పని నీది?"

వార్డంతా వింటుందేమోనని అటూ ఇటూ చూశాను. "దస్తావేజులు రాస్తాను" అన్నాను గాలిలాగా.

"యాడ కూసోని?"

"వరండాలో. చాప మీద."

మేస్త్రి సబ్బు పక్కన పెట్టాడు. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. నా మోకాలిని అరచేతిలో పట్టుకుని, పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు.

"ఇను. రేపు కట్టే కట్టు ఆరు నెల్లకి పోతాది. ఆ లోపల నీ తుంటి గట్టిపడతాది చూడు, అది మాత్రం పోదు. ఏ కోణంలో గట్టిపడితే నువ్వు సచ్చేదాకా అదే కోణం. తిన్నగా కడితే తిన్నగా నడుస్తావు, కూసోలేవు. చాప మిందే కాదు, కుర్చీలో కూడా జారి కింద పడతావు. కొంచిం వంచి కడితే కుంటతావు, మడమ కింద తోలు ఎత్తు పెట్టుకోవాల. గానీ ఎత్తు స్టూలు మింద కూసోని ముందర బల్ల పెట్టుకోని రాసుకోవచ్చు. చాప ఎట్లనూ పాయె. అది ఎవురూ తిరిగి ఇయ్యలేరు."

రాయడం తప్ప నాకు ఇంకో పని రాదు. మా అమ్మకు నేను తప్ప ఇంకొకరు లేరు.

"అయితే నువ్వే వంచి కట్టు మేస్త్రీ. డాక్టరమ్మకు తెలియకుండా."

"నేను కొలత పట్టేటోణ్ణి. కొలత సెప్పేది ఆయమ్మ. నీ నోటితో నువ్వే సెప్పాల."

"అందరి ముందరా?"

"రౌండ్సు అందరి ముందరే గదా."

కుప్పం ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. తలకింద పెట్టుకున్న గుడ్డసంచిలో బండి పట్టుకుపోయిన రసీదు ఉంది. రోజూ సాయంత్రం తీసి నాకు చూపిస్తాడు.

"ఆయన నా మీద ఆశ పెట్టుకున్నాడు" అన్నాను.

మేస్త్రి నా కాలు తుడిచాడు. తరువాత తన కర్రకాలి తొడ మీద అరచేత్తో కొట్టుకున్నాడు.

"దీనికి పద్నాలుగేండ్లప్పుడు జబ్బు సేసింది. మా నాయన మంచికే వెదురుబద్దలు పెట్టి తిన్నగా కట్టినాడు. కాలంటే తిన్నగా ఉండాల గదా అని. నొప్పి పాయె, జబ్బు పాయె. కట్టిప్పినంక నాయన పక్కన కూసోని తోలు కుట్టబోతే కూసునేదానికి కాలే. మా నాయన సచ్చేదాకా ఆ బద్దలు సూసి ఏడిసినాడు. ఆయన తప్పేమీ లే. కూసునే పనా, నిలబడే పనా అని అడగల్లని ఆయనకి తెలీదు. నాకీ తెలీదు. నన్ను ఎవురూ అడగలే." గిన్నె ఎత్తుకున్నాడు. "నిన్ను అడిగినారు. అడిగితే నువ్వు పులి కత సెప్తివి."

అని వెళ్లిపోయాడు.

మర్నాడు ఉదయం డాక్టరమ్మ నా మంచం దగ్గరకు వచ్చింది. వెనక మేస్త్రి, బకెట్టులో నీళ్లు, చంకలో బద్ద, చేతిలో రసమట్టం. ఆయన నావైపు చూడలేదు. నీటిబుడగను చూస్తున్నాడు.

నేను చెప్పాను. జీవితంలో అంత పొట్టి కథ నేనెప్పుడూ చెప్పలేదు. "నేను గార్డును కానమ్మా. కూర్చుని దస్తావేజులు రాస్తాను. పులి లేదు."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి నన్ను చూసింది. "నీవు అబద్ధమాడితివి" అంది. తరువాత కాగితం మీద గార్డు అన్న మాట కొట్టేసి, మేస్త్రి వైపు తిరిగింది. "మేస్త్రీ, కూర్చుండువానికి ఎంత వంపు కావలెను?"

ఆయన అప్పటికే చెవిమీద పెన్సిలు తీసి, బద్ద మీద గుర్తు పెట్టి ఉంచాడు.

కట్టు తడిగా ఉన్నంతసేపూ నేను పక్క మంచం వైపు చూడలేదు. మేస్త్రి చుట్టుమీద చుట్టు వేస్తూ, అరచేతులతో నున్నగా పూస్తూ, వాకిలి పెద్దగా పెడుతున్నానని అరిచి చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. చివరికి కుప్పం ఆయన గొంతు వినబడింది.

"అంటే రేంజరు నీకి తెలీదు."

"తెలీదు."

"పులికి పాలు పోసినట్ల నీకి నా పాలు పోస్తి గదరా."

ఆయన ఇటుకల వైపు తిరిగాడు.

"అయితే అర్జీ రాస్తావా?"

"ఏమిటీ?"

"దస్తావేజులు రాసేటోడివి గదా. ఫారెస్టాఫీసుకి అర్జీ రాయి. గార్డయితే ఒక మాట సెప్తాడు. అర్జీ అయితే కాయితం గదా, వాళ్లు పెట్టుకోనే ఉండాల."

అప్పుడు నవ్వింది వార్డు. మేస్త్రి అందరికంటే ముందు.

కట్టులో ఉన్నవాణ్ణి రోజుకు రెండుసార్లు బోర్లా తిప్పేవాళ్లు, వీపు పుండ్లు పడకుండా. మేస్త్రి ఒక పలక తెచ్చి మంచం కొసన ఆనించాడు. నేను బోర్లా పడుకుని మొసలిలాగా తల ఎత్తి, ఆ పలక మీద అర్జీ రాశాను. ఎక్కువ తక్కువ లేకుండా, ఉన్నది ఉన్నట్టు. రెండు నెలలకు జవాబు వచ్చింది. బండిని వదిలేశారు. ఒక చక్రం మాత్రం కనబడలేదట. కుప్పం ఆయన కర్రల మీద ఇంటికి వెళుతూ, ఆ చక్రం కోసం ఇంకొక అర్జీ రాయించుకుని మరీ వెళ్లాడు.

ఆరు నెలలు. నడివేసవిలో కట్టు లోపల చీమలు తిరిగినట్టుండేది. మేస్త్రి ఒక పొడుగాటి వెదురుపుల్ల చెక్కి ఇచ్చాడు, గోక్కోవడానికి. పొద్దున్నే వచ్చి కట్టు మీద టకటక కొట్టి వినేవాడు. "లోపల మనిషుండాడా?" అనేవాడు. ఉన్నాననేవాణ్ణి. పులి ఎట్లుండాదనేవాడు. పోయిందనేవాణ్ణి. "మంచిది. పులి పోయినంక నీ మాటలు ఇనేదానికి బాగుండాయి" అనేవాడు. అది నిజం కాదు. నేను అప్పటికే వార్డుకు ఒక మొసలి కథ మొదలుపెట్టి ఉన్నాను.

కట్టు కోసిన రోజున లోపలనుంచి వచ్చిన కాలిని నేను గుర్తుపట్టలేదు. బెండకాయలా ఉంది. డాక్టరమ్మ తొడ పట్టి మెల్లగా కదిలించింది. తుంటి దగ్గర ఏమీ కదలలేదు. నొప్పి కూడా లేదు. "అతుకుకొనెను" అంది. ఆమె ముఖంలో ఉన్న సంతోషాన్ని చూసి నేనూ నవ్వాను. లోపల మాత్రం భయం. వంపు సరిపోయిందో లేదో కూర్చుంటే తప్ప తెలియదు. కాలికి బలం రాకుండా కూర్చోనివ్వలేదు. మూడు వారాలు చంకకర్రలు, మడమ కింద తోలు ఎత్తు పెట్టిన చెప్పు, వరండా ఆ కొస నుంచి ఈ కొసకు.

నాలుగో వారం ఒక పొద్దున మేస్త్రి వచ్చాడు. నెత్తిమీద స్టూలు, చంకలో మడతకాళ్ల బల్లచెక్క. ఇంటిదగ్గర తనే చేశాడట. స్టూలు నా మోకాలికి కొంచెం పైకి వచ్చే ఎత్తు. ముందువైపు కాస్త వాలు. వరండాలో ఎండ పడేచోట దాన్ని పెట్టి, రసమట్టం తీసి దానిమీద ఆనించి చూసి, స్టూలు ఒక కాలు కిందికి పలుచటి రాయిని పాదంతో తోశాడు.

"కూసో."

చంకకర్రలు ఆయనకిచ్చి, స్టూలు అంచు పట్టుకుని, ఒళ్లు మెల్లగా దించుకున్నాను. ఏడెనిమిది నెలల తరువాత నా నడుం కింద గట్టిగా ఏదో తగిలింది. జారలేదు. చెడ్డకాలు ముందుకు చాచుకుని నేలమీద ఆనింది. రెండోది మామూలుగా వంగింది. ఆయన బల్లచెక్క తెచ్చి నా ముందు అమర్చాడు. మోచేతులు దానిమీద సరిగ్గా ఆనాయి.

"నొప్పి?"

"లేదు."

"జారతాండావా?"

"లేదు."

చెవిమీద పెన్సిలు తీసి నా చేతికిచ్చాడు. జేబులోనుంచి కాగితం తీసి చెక్క మీద పరిచాడు. "ఏదో ఒకటి రాయి."

ఏం రాయాలో తోచలేదు. చేతికి వచ్చిందే రాశాను. తూర్పు హద్దు, పడమర హద్దు, ఉత్తరం, దక్షిణం. అక్షరాలు వంకర పోలేదు. నాలుగు వరసలు రాసి తల ఎత్తేసరికి మేస్త్రి నా చుట్టూ మెల్లగా తిరుగుతున్నాడు, కొత్తగా కట్టిన గోడ చుట్టూ తిరిగినట్టు. నా వీపు వంపు చూశాడు. తుంటి వంగదు కాబట్టి, స్టూలు మీద నేను ఆనిన చోటును మెడ మాత్రం వంచి చూశాడు. మోకాలి దగ్గర మడత చూశాడు.

అంత పెద్దమనిషి నిలబడి ఉంటే నేను కూర్చోవడం బాగుండదనిపించింది. బల్లచెక్క పక్కకు జరిపి, లేవడానికి స్టూలు అంచు పట్టుకున్నాను.

ఆయన చేయి నా భుజం మీద పడింది.

"లెయ్యబాకప్పా" అన్నాడు. "ఇంగా కొంచేపు కూసోనుండు. సూస్తాను."